అతుకుల ఫైలు

"నాకు కుదరదత్తయ్యా" అని మెట్ల మీద నుంచే చెప్పేసి చిన్న కోడలు పైకి వెళ్లిపోయింది.

అత్తగారు అడిగింది కొండలు మొయ్యమని కాదు. మామగారికి మోకాలి ఆపరేషన్ అయింది, సాయంత్రం అయ్యేసరికి కట్టు మార్చాలి, ఈ ఒక్కరోజు నువ్వు చూస్తావా అంది. కుదరదు అని జవాబొచ్చింది. ఆ మాటకి ముందు ఒక "అయ్యో" లేదు, వెనక ఒక "ఏమీ అనుకోకండి" లేదు. వంటింట్లో గిన్నెలు తోముతున్న పెద్ద కోడలు చెయ్యి ఆపి చెవులు రిక్కించింది. ఇప్పుడు ఇల్లు ఎగిరిపోతుందనుకుంది. ఏమీ ఎగిరిపోలేదు. అత్తగారు చిన్నగా నిట్టూర్చి, "సరేలే, దానికేం పనుందో పాపం" అనుకుని, ఊపిరి తిప్పుకోకుండానే "పెద్దదానా, చేతులు కడుక్కుని రా, మీ మామగారు కూర్చున్నారు" అని పిలిచింది.

పెద్ద కోడలు చేతులు కడుక్కుని వెళ్లింది. పాత కట్టు విప్పింది, గాయం తుడిచింది, కొత్త గుడ్డ చుట్టింది. చుడుతున్నంతసేపూ ఆమె మనసు మెట్ల మీదే ఉంది. న్యాయంగా అయితే ఆమెకు కోపం రావాలి, వస్తే అత్తగారి మీద రావాలి. వచ్చింది కోపం కాదు, కుళ్ళు. పచ్చి కుళ్ళు. తోడికోడలి రంగు చూసి ఆమె ఎప్పుడూ కుళ్ళుకోలేదు, బట్టలు చూసి కుళ్ళుకోలేదు, పుట్టింటివాళ్లు పెట్టినవి చూసీ కుళ్ళుకోలేదు. ఆ ఒక్క మాట చూసే ఆమెకు కడుపు మండిపోయేది. కుదరదు. ఎంత చిన్న మాట! పెదాలు సరిగ్గా కదపకుండా కూడా అనేయొచ్చు. ఆమె ఆ మాటను స్నానాల గదిలో అని చూసుకుంది. స్కూటర్ నడుపుతూ హెల్మెట్ లోపల అని చూసుకుంది. ఒంటరిగా ఉన్నప్పుడు బాగానే వచ్చేది. తీరా మనిషి ఎదురుగా నిలబడి అడిగితే మాత్రం "కుదరదేమో... సరే, చూస్తాలెండి" అని తోక తగిలించుకుని వచ్చేది. ఆ తోకే చివరికి పనంతా చేయించేది.

చిన్న కోడలు ఆ ఇంటికొచ్చాక అసూయపడటానికి ఆమెకు రోజూ ఏదో ఒకటి దొరికేది. చిన్నామె కూర పొయ్యి మీద నుంచి దిగగానే వేడివేడిగా తింటుంది. పెద్దామె అందరికీ పెట్టి, గిన్నె అడుగున మిగిలింది చల్లారాక తింటుంది. చిన్నామె సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని పుస్తకం చదువుతుంది, మామగారు అటుగా వచ్చినా కాళ్లు దించదు. ఆయన కూడా ఏమీ అనడు, పక్కకి తప్పుకుని పోతాడు! పెద్దామె ఒకసారి తనూ అలా కూర్చుని చూద్దామని కూర్చుంది. కూర్చున్న మరుక్షణం కుక్కర్ ఈల వేసింది, లేచింది. ఆ ఇంటి కుక్కర్‌కి కూడా ఎవరు కూర్చున్నారో తెలుసు.

అన్నిటికన్నా మండేది మొగుడి మాట. అతను బ్యాంకులో ఆఫీసరు, మనిషి చెడ్డవాడు కాదు, చెయ్యి చేసుకోడు, గొంతు పెంచడు. పేపరు మడిచి, "ఎంతైనా మా మరదలికి క్లారిటీ ఉందోయ్. చెయ్యగలిగితే చేస్తానంటుంది, లేకపోతే లేదంటుంది. నువ్వూ అలా నోరు తెరిచి చెబితే ఎవరు కాదంటారు?" అనేవాడు. ఎవరు కాదంటారో ఆమెకు బాగా గుర్తుంది. పెళ్లయిన కొత్తలో ఒళ్లు కాలిపోతుంటే, ఇవాళ నా వల్ల కాదండీ అంది. "కొత్తగా ఏమిటిది?" అన్నాడు అతనే. ఆ పూట అందరూ బయట తిన్నారు. మర్నాడు జ్వరం తగ్గాక లేచి చూస్తే, టీ గ్లాసులతో సహా అన్నీ సింకులో ఆమె కోసమే కాచుకుని ఉన్నాయి. వాటిని తోమినప్పుడే ఆమె ఆ మాటను వదిలేసింది.

చిన్న కోడలిని ఆఫీసులో చేర్పించిందీ ఆమే. మా ఇంటి పిల్లే, బాగా చదువుకుంది, ఒకసారి చూడండి అని మేనేజరుకి చెప్పింది. పాము పడగ కింద తల పెట్టానని అప్పుడు తెలియలేదని తరవాత తనలో తను అనుకునేది. అలా అనుకున్నందుకు సిగ్గుపడేది, సిగ్గుపడి మళ్లీ అనుకునేది. పొద్దున్నే ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్లేవాళ్లు. నడిపేది పెద్దామె. వెనక కూర్చుని చిన్నామె పాటలు వినేది.

వాళ్ల కంపెనీ బస్సుల్లో కండక్టర్లు వాడే టికెట్ మిషన్లు తయారుచేస్తుంది. ఆఫీసులో అందరూ పెద్దామెను అక్కా అని పిలుస్తారు. మేనేజరు వయసులో ఆమెకన్నా పెద్దవాడు, అతనూ అక్కా అనే అంటాడు. మీటింగులో ఎవరేమన్నారో రాసుకునేది అక్క. పుట్టినరోజుకి కేకు తెప్పించేది అక్క. ఎవరి ప్రోగ్రామైనా మొరాయిస్తే "అక్కా, ఒక్కసారి చూసిపెట్టవా" అంటారు. చూస్తుంది, బాగుచేస్తుంది, బాగుచేసినచోట వాళ్ల పేరే ఉంటుంది. అక్క అన్న పిలుపులో ఎంత ఆప్యాయత ఉందో అంత జీతంలేని చాకిరీ ఉందని ఆమెకు తెలియక కాదు. పిలిచినప్పుడు బాగుంటుంది, అదీ ఇబ్బంది.

ఆ ఏడు కొత్త రకం మిషన్ తేవాలనుకున్నారు. చిన్నది, చవకది, మెమరీ తక్కువ. అక్కడే చిక్కొచ్చింది. సీ భాషలో రాసిన ఏ ప్రోగ్రామూ అన్నీ సొంతంగా చేసుకోదు. తెర మీద అక్షరం రాయాలన్నా, టైమెంతో తెలుసుకోవాలన్నా, కాస్త మెమరీ కావాలన్నా, అడుగున ఉన్న లైబ్రరీని అడుగుతుంది. ఏమేం అడగొచ్చో, అడిగితే ఏమివ్వాలో స్టాండర్డ్ అని ఒక ఒప్పందం ఉంది. ఇన్నేళ్లుగా వాళ్ల ప్రోగ్రాము ఒక పెద్ద లైబ్రరీ మీద నడిచింది. అది మహా మెతక మనిషిలాంటిది. ఒప్పందంలో లేనివీ చేసిపెడుతుంది. ఫలానా పనుల పేర్లుండే హెడర్ ఫైలు కావాలని రాయడం మర్చిపోతే, ఇంకోదానితోపాటు అదే తెచ్చి పెట్టేస్తుంది. అందువల్ల మర్చిపోయామన్న సంగతి కూడా ఎవరికీ తెలియలేదు. కొత్త మిషన్లో ఆ పెద్ద లైబ్రరీకి చోటు లేదు. దాని బదులు చిన్న లైబ్రరీ ఒకటి ఎంచుకున్నారు. మొత్తం కోడ్ దాని మీద మళ్లీ కంపైల్ చెయ్యాలి, అంటే మిషన్‌కి తెలిసే రూపంలోకి మార్చాలి. ఈ చిన్న లైబ్రరీ ఒప్పందంలో ఉన్నవే ఇస్తుంది. లేనిది అడిగితే లేదంటుంది, అంతే.

మొదటిసారి కంపైల్ చేసినప్పుడు తెరంతా ఎర్రబడింది. ఈ పేరు నాకు తెలియదు. ఈ ఫంక్షన్ నా దగ్గర లేదు. ఇది నువ్వు చెప్పలేదు. వరసగా చదువుకుంటూ పోయిన పెద్దామెకి, ఈ గొంతు రోజూ మెట్ల మీద వినేదే కదా అనిపించి ఒళ్లు మండింది.

ఈ పని గట్టెక్కించిన వాళ్లే కొత్త మిషన్ టీముకి లీడ్ అని మేనేజరు ముందే చెప్పాడు. లీడ్ అంటే సొంత గది ఏమీ రాదు, కానీ మీటింగులో మాట్లాడేవాళ్లలో ఒకరవుతారు, రాసుకునేవాళ్లలో కాదు. ఆ కుర్చీ కోసం ఆమె ఎన్నాళ్లుగానో కళ్లు కాయలు కాచేలా చూస్తోంది. తనకన్నా వెనక వచ్చినవాళ్లు దాన్ని దాటి పైకి పోయారు, వాళ్ల వీడ్కోలు కేకులు కూడా ఆమే తెప్పించింది. ఈసారి నాదే అనుకుంది. "మీరిద్దరూ కలిసి చూడండి అక్కా, ఒకే ఇంటివాళ్లు" అని మేనేజరు నవ్వుతూ చిన్నామెను జతచేశాడు.

చిన్నామె పని పద్ధతి చూసి ఆఫీసు గొల్లుమంది. ఆమె ఒక్క ఎర్రర్ కూడా దిద్దేది కాదు. ఆ ఫైలు ఎవరు రాశారో చూసేది, వాళ్లకే పంపేది. మీ ఫైల్లో ఈ హెడర్ లేదు, ఈ ఫంక్షన్ స్టాండర్డ్‌లో లేదు, మార్చి పంపండి, అని రెండు ముక్కలు. ఛార్జీలు లెక్కకట్టే ప్రోగ్రాము రాసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, పొట్ట ముందు, తను వెనక. ఆయన రుసరుసలాడుతూ పెద్దామె బల్ల దగ్గరికొచ్చాడు.

"అక్కా, మీ తోడికోడలికి కాస్త చెప్పవా? ఇన్నేళ్లు నడిచిందా లేదా నా కోడ్? ఇప్పుడొచ్చి తప్పులు పడుతుందేమిటి? నువ్వయితే ఇలా చేసేదానివా?"

"ఇవ్వండి, నేను చూస్తాను" అంది ఆమె. అనేశాక గానీ అన్నానని తెలియలేదు.

ఆ మధ్యాహ్నం నుంచే ఆమె ఒక ఫైలు మొదలుపెట్టింది. చిన్న లైబ్రరీ ఏది లేదన్నదో అది ఆమె రాసింది, పెద్ద లైబ్రరీ పేర్లతోనే, పెద్ద లైబ్రరీ తీరులోనే. భోజనం బల్ల దగ్గరే చేసింది. ఎవరెవరు ఏ హెడర్ చెప్పడం మర్చిపోయారో అన్నీ అందులోనే పెట్టేసింది. ఆ తరవాత కంపైల్ చేసే ఆదేశంలో ఒక్క వరస చేర్చింది. దాంతో ప్రతి ఫైలు నెత్తి మీదా, దాని యజమానికి చెప్పకుండానే, ఆమె ఫైలు వచ్చి కూర్చుంటుంది. ఎవరూ తమ కోడ్ తెరవక్కర్లేదు, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అతుకుల ఫైలు అని తనే పేరు పెట్టుకుంది. ఇదంతా పాపం వాళ్లకి కష్టమని చేస్తున్నానని ఆమె అనుకుంది. అది సగమే నిజం. చిన్నదాన్ని దాటి ముందుకెళ్లాలన్న కుళ్ళు మిగతా సగం, ఆ సగమే టైపు త్వరగా కొట్టించింది.

ఎర్రర్లన్నీ పోయి తెర ఆకుపచ్చగా మారిన రోజు ఆఫీసంతా ఆమె బల్ల చుట్టూ చేరింది. "చూశారా, ఎవరికీ కష్టం తెలియకుండా కానిచ్చేసింది! అక్కంటే అక్కే!" అన్నాడు మేనేజరు. ఛార్జీల పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. ఆమె చూసింది మాత్రం ఒక్క చిన్నామె మొహమే. చిన్నామె తెర దగ్గరకు వంగి చదివి, "పాసయిందక్కా. కానీ ఏదీ బాగుపడలేదు కదా, కప్పెట్టావంతే" అంది మెల్లగా. ఓర్వలేకపోతోంది, కుళ్ళుబోతు, అనుకుంది పెద్దామె. ఆ రోజు ఆమెకు అన్నం సహించింది.

లీడ్ ఎవరో తేల్చే మీటింగు పెట్టిన రోజునే మామగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. కుట్లు డాక్టరు చూడాలి. మొగుడు టై కట్టుకుంటూ, "ఇవాళ బ్యాంకులో తనిఖీ ఉంది, తల ఎత్తడానికి ఉండదు" అన్నాడు. మరిది ఊళ్లో లేడు, ఉన్నా లేనట్టే. అత్తగారు పైకి చూసి కేకేసింది, పైనుంచి తెలిసిన జవాబే వచ్చింది. అందరి చూపులూ పెద్దామె మీదకి మళ్లాయి. "నాకూ మీటింగుందండీ, ఇది ముఖ్యమైంది" అంది. "నీ పని అయిపోయిందన్నావుగా, అంతా పచ్చగా ఉందన్నావుగా, ఇంకా నువ్వెందుకు అక్కడ?" అన్నాడు అతను, నిజంగానే అర్థం కానట్టు. ఆమె "కుదరదేమో" దాకా వచ్చింది, తోక తగిలింది, ఆటో పిలిచింది.

ఆసుపత్రి వరండాలో మామగారి చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండగా ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆఫీసు గ్రూపులో ఒకటే చప్పట్ల బొమ్మలు. ఎవరికో అర్థం కావడానికి వేలితో పైకి జరుపుకుంటూ పోయింది. చిన్నామెకి. చేతికర్ర కింద పడింది, పక్కన కూర్చున్నావిడ తీసిచ్చింది. మామగారు లోపలి నుంచి కుంటుతూ వచ్చి, "తడి ఇంకా ఆరలేదటమ్మా, కట్టు ఇంకొన్నాళ్లు మార్చాల్సిందేనట" అన్నారు. అలాగే మామయ్యా అంది. ఆమెకు ఏడుపు రాలేదు, ఆకలి వేసింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

మర్నాడు మేనేజరు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "అక్కా, ఏమీ అనుకోకు. ఆ అమ్మాయి అన్ని టీములతో మాట్లాడింది, తగూలాడింది, ఎవరి కోడ్‌లో ఏముందో తెలుసు. ఇకపోతే నీ ఫైలు ఉందే, అది మా ప్రాణం. దాన్ని నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోలేరు. అందరి ఫైళ్లూ దాని మీదే నిలబడ్డాయి. నిన్ను కదిపితే మొత్తం కూలిపోదూ? నువ్వు లేకపోతే మేం లేం అక్కా!"

ఈ మాట ఆమె విన్నదే. ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు ఆమె భుజం తట్టి, "ఇది లేకపోతే ఈ ఇల్లు లేదమ్మా" అంటుంది. అని, వచ్చినవాళ్లకి టీ పెట్టమంటుంది.

ఆ సాయంత్రం అత్తగారు చిన్న కోడలికి దిష్టి తగులుతుందని పొంగిపోయింది. మొగుడు మామూలుగానే ఉన్నాడు. "పోనీలే, మనింట్లో వాళ్లకేగా వచ్చింది. నీకొచ్చి ఉంటే ఇంటిపనితో సతమతమైపోయేదానివి" అన్నాడు, ఓదార్పుగా. ఆమె కట్టు మారుస్తోంది. గుడ్డ బిగించి లాగింది, మామగారు అబ్బా అన్నారు. ఆమె వెంటనే వదులు చేసింది. ఆయన చేసిన పాపమేమీ లేదు.

తెల్లవారాక టీ పెడుతూ, నిన్నటి గిన్నెలు తోముతూ, ఆమె తన కుళ్ళుని తనే బయటికి తీసి చూసుకుంది. చిన్నది కుదరదంటే ఈ సింకు మర్నాటికి ఖాళీగానే ఉంటోంది. మామగారి కట్టు మారుతూనే ఉంది. ఎవరికీ ఏ లోటూ లేదు, అందుకే ఎవరికీ కోపం రాదు. క్లారిటీ ఉందంటారు, ముచ్చటపడతారు. నేను జ్వరంలో ఒక్కసారి అంటే గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. దాని మాటకు వెనక నేనున్నాను. నా మాటకు వెనక ఎవరున్నారు? ఆఫీసులోనూ అంతే కదా. చిన్న లైబ్రరీ దర్జాగా లేదు పొమ్మంది, అడుగున నేను అతుకులు వేసుకుంటూ కూర్చున్నాను. ఎవరి తప్పు ఎవరిదో తెలియకుండా చేసింది ఎవరు? నా మంచితనమే. నా కుళ్ళూ కలిసిందనుకో. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. తుడవడానికి గుడ్డ అందుకుని, మళ్లీ దాన్ని అక్కడే పెట్టేసి, స్కూటర్ తాళాలు తీసుకుంది.

ఆఫీసులో ఆమె చేసిన పని చాలా చిన్నది. అతుకుల ఫైలుని ప్రతి ఫైలు నెత్తి మీదా కూర్చోబెట్టే ఆ ఒక్క వరసా తీసేసింది. ఫైలుని కూడా తీసేసింది. అలా తీసినది నిజంగా అమలు కావాలంటే లీడ్ ఒప్పుకోవాలి. లీడ్ అంటే చిన్నామె. ఒప్పుకొమ్మని పంపించి కూర్చుంది.

కాసేపటికి చిన్నామె వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కెళ్లింది.

"అక్కా, నిజంగానే తీసేస్తున్నావా?"

"నువ్వే అన్నావుగా, కప్పెట్టానని."

"అన్నాను. ఇప్పుడూ అదే అంటాను. కానీ ఈ వారం వద్దక్కా. సోమవారం కంపెనీ పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారు. నేను కుర్చీ ఎక్కిన మొదటి వారమే తెరంతా ఎర్రగా కనబడితే నా పరువేం కాను? ఒక నెల ఆగు. కాస్త సర్దుకో అక్కా, ప్లీజ్."

సర్దుకో. ఆ మాట అత్తగారి నోట విన్నప్పుడు, మొగుడి నోట విన్నప్పుడు ఆమెకు ఇంత ఆశ్చర్యం వెయ్యలేదు. కుదరదు అనడం తప్ప మరో మాట రానట్టుండే ఈ నోటికి ఇది కూడా వచ్చా!

"నెల తరవాత తీసెయ్యనిస్తావా?"

చిన్నామె తడబడింది. తరవాత ప్రేమగానే, మెచ్చుకోలుగానే అంది, "నువ్వుంటే నాకు భయం ఉండదక్కా. నిజం చెప్పనా? ఇంట్లో నేను అంత ధీమాగా కుదరదని అనేదీ అందుకే. నువ్వున్నావుగా అని."

ఇన్నాళ్లూ కళ్లల్లో నిప్పులు పోసుకుని చూసిన ధైర్యం ఇదా అనుకుంది పెద్దామె. తన చాకిరీ మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్న ధైర్యం! నవ్వొచ్చింది, గుండెల్లో మంట కూడా అలాగే ఉంది.

"నాకు కుదరదు" అంది.

అని, తోక కోసం ఎదురుచూసింది. రాలేదు. ముందు అయ్యో లేదు, వెనక ఏమీ అనుకోకు లేదు. ఇంత తేలికా అని ఆమెకే అనుమానం వేసింది.

చిన్నామె మొహం చిన్నబోయింది. "నా మీద కోపమా అక్కా?"

"కోపం కాదు, కుళ్ళు. నువ్వొచ్చినప్పటి నుంచీ నిన్ను చూసి కుళ్ళి చస్తున్నాను. నీ ఉద్యోగం చూసి కాదు, అది రాకముందు నుంచే. నువ్వా మాట అన్నప్పుడల్లా నీ నోట్లోంచి లాక్కుందామనిపించేది. ఇవాళ తెలిసింది, దాన్ని అన్నది నువ్వు, దాని ఖరీదు కట్టింది నేను. ఇక నేను కట్టను. నీకు అది నిజంగా కావాలంటే నువ్వే కట్టుకో."

"నన్ను చూసి కుళ్ళా? నువ్వా?" చిన్నామె రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. "ఆ ఇంట్లో అందరూ మొదట పిలిచేది నిన్నే కదక్కా. నేనెక్కడా..." అని ఆగింది. ఇన్నాళ్లూ ఆ పిలుపులో ఏముందో ఇప్పుడే విన్నట్టు ఆగింది. ఇంకేమీ అనకుండా తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. పెద్దామె తన కుర్చీలో కూర్చుని తెర వైపు చూస్తూ ఉంది. చిన్నది ఒప్పుకోకపోతే తను చెయ్యగలిగిందేమీ లేదు, అతుకులు వేసుకుంటూ ఇక్కడే తెల్లబడిపోవడమే. చాలాసేపు ఏమీ కాలేదు. ఆ తరవాత తెర అంచున ఒక చిన్న గుర్తు పడింది. లీడ్ ఒప్పుకుంది.

ఆ వెంటనే ఆఫీసు గోడ మీది పెద్ద తెర ఎర్రబడింది. ప్రతి ఎర్రర్ పక్కనా ఏ ఫైలో ఉంది, ఫైలు పక్కన ఎవరిదో ఉంది. ఛార్జీల పెద్దమనిషి పొట్ట చేత పట్టుకున్నట్టు పరుగున వచ్చాడు.

"అక్కా! ఏదో విరిగిపోయినట్టుంది, ఒక్కసారి చూడవా?"

"విరగలేదండీ. ముందు నుంచీ ఉన్నదే, ఇప్పుడు కనబడుతోంది. మీ ఫైలే. కావాలంటే పక్కన కూర్చుంటాను, రాయడం మాత్రం మీరే."

మేనేజరు గది తలుపు తీసుకుని వచ్చి, "మరి సోమవారం?" అన్నాడు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ. పెద్దామె నోరు తెరిచేలోపే చిన్నామె అంది, "సోమవారం ఎర్రగానే చూపిద్దాం సార్. ఎవరి పని ఎంత మిగిలిందో వాళ్లకీ తెలుస్తుంది." ఆమె గొంతు కాస్త వణికింది. ఆమె మాట వణకడం పెద్దామె అదే మొదటిసారి వినడం. ఆశ్చర్యం ఏమిటంటే, అప్పుడు కుళ్ళు రాలేదు.

సాయంత్రం ఇద్దరూ ఇంటికొచ్చారు. దారిలో చిన్నామె చెవుల్లో పాటలు లేవు. హాల్లో మామగారు కాలు స్టూలు మీద పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. పెద్దామె మొగుడు ఎదురుగా పేపరు పట్టుకుని ఉన్నాడు. చెప్పులు విప్పుతుండగానే అత్తగారు వంటింట్లోంచి పిలిచింది. "పెద్దదానా, వచ్చావా? పొద్దున్న పాలు పొంగి అలాగే ఉన్నాయి, ఎవరూ తుడవలేదు. ముందు మీ మామగారి కట్టు చూడు."

"నాకు కుదరదత్తయ్యా" అంది పెద్ద కోడలు.

అత్తగారు గరిటె పట్టుకుని బయటికొచ్చింది. ఒంట్లో బాగాలేదా అన్నట్టు ఆమె మొహంలోకి చూసింది. బాగానే ఉందని చూసి మరీ కంగారుపడింది. "అదేమిటి, కొత్తగా? పోనీ, చిన్నదాన్ని పిలువు."

మెట్ల మీద సగం ఎక్కిన చిన్న కోడలు ఆగింది. పైకి చూసింది, కిందికి చూసింది. "నాకూ కుదరదత్తయ్యా" అంది. ఈసారి వెళ్లిపోలేదు, అక్కడే నిలబడింది.

ఇద్దరూ కుదరదన్న ఇల్లు ఎలా ఉంటుందో అక్కడ ఎవరికీ తెలియదు. వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చింది, అత్తగారు కదల్లేదు. కాసేపు చూసి, చూసి, చివరికి మామగారే గొంతు సవరించుకుని పేపరు వైపు తిరిగారు.

"ఒరే, నువ్వు రారా."

పేపరు కిందికి దిగింది. "నేనా? నాకేం తెలుసు నాన్నా, నేనెప్పుడైనా కట్టానా?" అని అతను భార్య వైపు చూశాడు. కోపంగా కాదు, ఎప్పటిలా, ఆమె వచ్చి ఆదుకుంటుందన్న నమ్మకంతోనే చూశాడు. "నాకది రాదు కదోయ్."

ఆమె అలమార తెరిచి కట్టు గుడ్డ చుట్ట తీసింది. నడిచి వెళ్లి దాన్ని అతని చేతిలో పెట్టింది.

"మొదటి రోజు నాకూ రాలేదండీ" అంది.